లెక్కపెట్టని ఎనభై

నేను చదివింది పదో తరగతి. ఆ పైన ఏఎన్ఎం ట్రెయినింగు. గుండెకు నాలుగు గదులుంటాయని అక్కడ నల్లబల్ల మీద ఎర్ర సుద్దతో, నీలం సుద్దతో బొమ్మ గీసి చెప్పారు. ఆ బొమ్మే పరీక్షలో గీసి పాసయ్యాను కాని, నిజం చెప్పాలంటే అది నాకు ఎక్కలేదు. గుండె నాకు అర్థమైంది మా నాన్న వల్ల. ఆయన సాగర్ కుడికాలవ మీద లష్కరు. లష్కరంటే కాలవ గట్టున తిరుగుతూ, పై అధికారులు చెప్పినప్పుడు షట్టర్లు ఎత్తి దించే మనిషి.

నేను రిటైరై ఇంట్లో కూర్చున్నాక, కొత్తగా డ్యూటీలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ వస్తుంటారు. రిజిస్టర్లు ఎలా రాయాలో అడుగుతారు. అవి మీకు ఆఫీసులో చెబుతారు. నేను చెప్పేది వేరే. మూడుసార్లు ఒకే అంకె రాసి, ఒక పిల్లను చావుదాకా తోసిన సంగతి. అది చెప్పాలంటే ముందు కాలవ దగ్గర మొదలుపెట్టాలి.

నాన్న షట్టరు

చిన్నప్పుడు నాన్నకు అన్నం క్యారేజీ నేనే తీసుకుపోయేదాన్ని. ఆయన గట్టు మీద కూర్చుని తింటుంటే, చివరి పొలాల రైతులు వచ్చి చుట్టూ నిలబడేవాళ్ళు.

"ఏమయ్యా, పైన నీళ్ళు వదిలారని పేపర్లో ఏశారు. మా చేలోకి చుక్క రాలా. యాడ పోయినయ్యి?"

"వదిలిందీ నిజమే, అందనిదీ నిజమే. నన్ను తిని చావనీండి" అనేవాడు నాన్న.

ఒక ఏడు ఒక షట్టరు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. జానెడే లేచింది. అంతకు మించి కదల్లేదు. నాలుగు రోజుల్లో ఏమైందంటే, షట్టరుకు పైన కాలవ నిండి, గట్టు ఊరడం మొదలైంది. పక్కనున్న దొడ్లన్నీ బురద. పశువులు దిగబడ్డాయి. షట్టరుకు కింద మాత్రం చేలు నెర్రెలిచ్చాయి. పైవాళ్ళు వచ్చి నీళ్ళు ఎక్కువయ్యాయని తిట్టారు. కిందివాళ్ళు వచ్చి నీళ్ళు అమ్ముకున్నావని తిట్టారు. నాన్న ఇద్దరినీ తీసుకుపోయి ఆ ఒక్క షట్టరు చూపించాడు.

గుండెలో వాల్వు అంటే ఆ షట్టరే. ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తం ఎడమవైపు పై గదిలోకి వస్తుంది. అక్కడినుంచి వాల్వు దాటి కింది గదిలోకి, అక్కడినుంచి ఒళ్ళంతటికీ పోతుంది. ఆ వాల్వు సగమే తెరుచుకుంటే వెనక ఊపిరితిత్తులు ఊరతాయి. మనిషికి ఆయాసం, దగ్గు. ఇంకా ముదిరితే కాళ్ళకు నీరు. ముందుకు పోవాల్సిన రక్తం పోదు కాబట్టి నీరసం. ఒళ్ళంతా జబ్బులాగే కనబడుతుంది. బిగుసుకున్నది మాత్రం ఒక్క షట్టరు.

గ్రేసమ్మ గారు

ట్రెయినింగు అయ్యాక మొదటి రెండేళ్ళు నరసరావుపేటలో ఒక ఆసుపత్రి వార్డులో చేశాను. అక్కడ హెడ్ నర్సు గ్రేసమ్మ గారు. లావుపాటి మనిషి. తెల్ల బూట్లు. గడియారం చేతికి పెట్టుకునేది కాదు, గుండెల మీద పిన్నుకు తలకిందులుగా వేలాడదీసుకునేది. ఆవిడ తల వంచితే టైము కనబడేది, మాకు మాత్రం గుండె జారేది.

ఒకరోజు పొద్దున్నే చార్టులన్నీ బల్ల మీద పరిచి మమ్మల్ని పిలిచింది.

"ఏమ్మా, ఈ వార్డులో గుండెలన్నీ నాలుగో ఎక్కం చదువుతున్నాయేం?"

మాకేం అర్థం కాలేదు. ఆవిడ వేలు పెట్టి చూపించింది. డెబ్బై రెండు, డెబ్బై ఆరు, ఎనభై, ఎనభై నాలుగు, ఎనభై ఎనిమిది. అన్నీ నాలుగో ఎక్కంలోవే. అంటే ఎవ్వరం నిమిషం పూర్తిగా నాడి చూడలేదు. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించి రాశాం.

"నాకు డెబ్బై ఒకటి కావాలి. ఎనభై మూడు కావాలి. బేసి అంకె కనబడని చార్టు రేపు నా బల్ల మీద కనబడితే, ఆ చార్టు రాసినావిడ కనబడదు."

ఆ వారంలోనే ఒక ముసలి రైతు చేరాడు. ఆయాసం. గ్రేసమ్మ గారు నన్ను మణికట్టు పట్టుకోమంది. తను స్టెతస్కోపు ఆయన ఛాతీ మీద పెట్టింది. ఇద్దరం ఒకే నిమిషం, ఒకే గడియారం. నాకు ఎనభై నాలుగు వచ్చింది. ఆవిడకు నూట పది.

"మిగతా ఇరవై ఆరు ఏమైనాయి?"

"నేనే తప్పు లెక్కపెట్టి ఉంటానండీ."

"కాదు. బాగానే లెక్కపెట్టావు. ఏమైనాయో చెప్పు."

నాకు నాన్న గుర్తొచ్చాడు. "వదిలారు గాని అందలేదండీ" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఎవరు చెప్పారే నీకిది?"

"మా నాన్నండీ."

"డాక్టరా?"

"లష్కరండీ."

అంత నవ్వడం ఆవిడ దగ్గర నేను మళ్ళీ చూడలేదు. తర్వాత కూర్చోబెట్టి విడమరచి చెప్పింది. గుండె తాళం తప్పినప్పుడు, గది నిండకముందే ఒక దెబ్బ పడుతుంది. ఖాళీ గదిని పిండితే చప్పుడు వస్తుంది గాని రక్తం చేతిదాకా రాదు. అందుకే ఛాతీ మీద ఎక్కువ, మణికట్టు దగ్గర తక్కువ. ఆ తేడా ఎంత ఉంటే గుండె అంత వృథాగా శ్రమపడుతున్నట్టు. దీనికి మిషను అక్కర్లేదు. ఇద్దరు మనుషులు, ఒక గడియారం చాలు. ఆ రోజు నుంచి నా పేరు 'లష్కరమ్మాయి' అయింది.

నేను నేర్చుకున్న మంచి అంతా ఆవిడ దగ్గరే. చెడు కూడా ఒకటి ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. గ్రేసమ్మ గారు ఏనాడూ తన తప్పు ఒప్పుకునేది కాదు. పొరపాటు జరిగితే చూపు ఎక్కడో పెట్టి, గొంతు పెంచేది. నర్సంటే అలా ఉండాలి కాబోలు, ఒప్పుకుంటే జనం నమ్మరు కాబోలు అనుకున్నాను. చానా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

నిమిషం ఎలా తరుగుతుందంటే

తర్వాత పల్లెల్లో సబ్‌సెంటరు. నాలుగైదు ఊళ్ళు. టీకాలు, కాన్పులు, జ్వరాలు, బీపీ గోలీలు. మొదటి సంవత్సరం ప్రతి గర్భిణికీ నిమిషం పూర్తిగా నాడి చూశాను. తర్వాత అరనిమిషం. ఆ తర్వాత పావు.

పావు నిమిషం దగ్గర ఆగిపోయినా బాగుండేది. ఆగలేదు. చేయి వాళ్ళ మణికట్టు మీదే ఉండేది. కళ్ళు రిజిస్టరు మీద. నోరు, "ఐరన్ గోలీలు వేసుకుంటున్నావా? మీ ఆయన తాగుతున్నాడా?" అని అడుగుతూ ఉండేది. కొడుతున్నట్టు వేళ్ళకు తెలిస్తే చాలు, ఎనభై రాసేదాన్ని. ఎనభై మంచి అంకె. ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఎవరూ దాని గురించి అడగరు.

పని ఎక్కువని చెప్పుకోవచ్చు. పని ఎక్కువే. కాని నాకు గ్రేసమ్మ గారు చెప్పలేదని మాత్రం చెప్పుకోలేను.

నాగమణి మెట్టెలు

రొంపిచెర్ల అవతల, కాలవ చిట్టచివరి పొలాలున్న ఒక ఊళ్ళో వెంకాయమ్మ అని ఉంది. భర్త పోయాక మూడెకరాల మిరప ఒంటిచేత్తో పండించిన మనిషి. ఆమె గట్టు మీద ఎదురొస్తే మగవాళ్ళు పక్కకు దిగి దారి ఇచ్చేవాళ్ళు. ఒక్కడే కొడుకు, శ్రీను. ఈపూరు వైపు నుంచి కోడలిని తెచ్చుకుంది. ఆ పిల్ల నాగమణి. పెళ్ళయిన మూడేళ్ళకు నెల తప్పింది.

నాలుగో నెలలో చూశాను. నాడి ఎనభై. అయిదో నెలలో ఎనభై. ఆరో నెలలోనూ ఎనభై. ఆరో నెలలో పాదాలు కాస్త ఉబ్బి ఉంటే, "వాపు ఎప్పటినుంచి?" అన్నాను. "నెలలు నిండే కొద్దీ నీరు రాదా ఏంది? మామూలే" అంది వెంకాయమ్మ. బీపీ చూశాను, బాగుంది. మూత్రం పరీక్ష చేశాను, అందులోనూ ఏమీ లేదు. గర్భిణి కాళ్ళ వాపంటే మాకు నేర్పింది ఆ రెండే. మామూలు నీరే అని నేనూ రాసేశాను.

ఏడో నెల క్లినిక్కు ఆ పిల్ల రాలేదు. మర్నాడు పొద్దున నేనే ఇంటికి వెళ్ళాను. మిరప కోతల రోజులు. ఇంటి ముందు కల్లమంతా ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి. గేటు తీస్తూనే నాకు దగ్గు తెర పట్టుకుంది. వెంకాయమ్మ కాయలు తిరగేస్తూ నవ్వింది.

"ఏంది నర్సమ్మా, పొద్దున్నే ఊడిపడ్డావ్? మా కాయ ఘాటు అట్టా ఉంటది. ఇది కూడా పది రోజుల్నుంచి ఒకటే దగ్గు."

నాగమణి లోపల పత్తి కుక్కిన బోరాలకు ఆనుకుని కూర్చుని ఉంది. మొహం పాలిపోయి, బుగ్గల మీద మాత్రం వింత ఎరుపు.

"ఎట్లా ఉందమ్మా?"

"బాగానే... ఉందక్కా."

'బాగానే' అని ఒక ఊపిరి. 'ఉందక్కా' అని ఇంకో ఊపిరి. రెండు మాటలకు రెండు ఊపిర్లు తీసుకునే మనిషి బాగా లేనట్టే.

"ఎందుకు కూర్చున్నావు? కాసేపు నడుం వాల్చరాదూ?"

దానికి వెంకాయమ్మే గడపలోనుంచి జవాబిచ్చింది. "ఏడ పడుకుంటది? మంచమెక్కమంటే ఎక్కదు. పొద్దస్తమానం ఆ బోరాలకు ఆనుకునుంటది దొరసానిలాగా. అరుగు దాకా నడిస్తే ఆయాసమంట."

"పడుకుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటదక్కా. లేచి కూర్చుంటే దగ్గు తగ్గుద్ది" అంది నాగమణి, మధ్య మధ్య ఊపిరి తీసుకుంటూ.

మిరపకాయ ఘాటు దగ్గు మనిషి పడుకున్నాడా, కూర్చున్నాడా అని చూడదు. అప్పుడు నా చూపు ఆ పిల్ల పాదాల మీద పడింది. వెండి మెట్టెలు. చుట్టు మెట్టెల కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండాలి. ఈ పిల్లవి ఎడంగా విచ్చుకుని ఉన్నాయి. ఆ సందులోనుంచి కండ పైకి తోసుకొచ్చింది. వేలు కొస నీలంగా ఉంది.

"అక్కా, ఇవి వదులు చేయించారా?" అని వెంకాయమ్మను అడిగాను.

"ఆఁ. మూడుసార్లు. మొదట కంసాలి చేశాడు. తర్వాత రెండుసార్లు మా శీనుగాడే కటింగ్ ప్లేయరుతో లాగాడు."

"మొదటిసారి ఎప్పుడు?"

"అయిదో నెల్లో అనుకుంటా."

"తీసేయాల్సింది గదా?"

"మొగుడు గుండ్రాయిలాగా ఎదురుగా ఉంటే మెట్టెలు తీసేయడమేంది! నోరు కడుక్కో ముందు."

అయిదో నెల నుంచి వాపు ఉంది. నా రిజిస్టరు కంటే ఆ మెట్టెలు బాగా రాసి పెట్టుకున్నాయి.

తొమ్మిది మిరపకాయలు

నాగమణి మణికట్టు పట్టుకున్నాను. ఈసారి నోరు మూసుకుని, కళ్ళు మూసుకుని. నాలుగు దెబ్బలు వరసగా వచ్చాయి. తర్వాత ఒకటి తడబడింది. ఒకటి రాలేదు. రెండు తోసుకుంటూ వచ్చాయి. నాకు లెక్క తప్పింది. స్టెతస్కోపు ఛాతీ మీద పెట్టాను. లోపల పరుగు. చేతి దగ్గర అంత పరుగు లేదు. గ్రేసమ్మ గారి వార్డు, ఆ ముసలాయన, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి.

"అక్కా, ఈ పిల్లను ఇప్పుడే నరసరావుపేటకు తీసుకుపోవాలి. అంబులెన్సు పిలుస్తాను."

"ఇప్పుడా? చేలో పదిమంది కూలోళ్ళున్నారు. కల్లంలో కాయుంది. రెండ్రోజులాగు, కోత అయిపోద్ది."

"రెండ్రోజులు ఆగే పని కాదు. గుండెకు సంబంధించింది."

"గుండేంది! ఇరవై మూడేళ్ళ పిల్లకి గుండేంది నర్సమ్మా! నెలనెలా నువ్వే చూస్తివి గదా, అంతా బాగుందని రాస్తివి గదా?"

శ్రీను గుమ్మంలో నిలబడి తల్లినీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నాడు. తల్లి ఊ అంటే తప్ప ఆ ఇంట్లో బండి కదలదు. వెంకాయమ్మకు నా మాట మీద నమ్మకం లేదు. తన లెక్క మీద ఉంది. మిరప బస్తాలను మావైపు టిక్కీలంటారు. యార్డుకు పంపే టిక్కీలు ఎన్నైనా ఆమె నోటితోనే లెక్కపెట్టేది, ఒక్కటి తేడా వచ్చేది కాదు.

"అక్కా, టిక్కీలు లెక్కపెట్టడంలో నువ్వెప్పుడైనా తప్పావా?"

"నేనా? తప్పిన రోజున ఈ చెయ్యి నరుక్కుంటా."

"అయితే ఇలా రా. నీ కోడలి చేయి పట్టుకో. ఇక్కడ, బొటనవేలు కింద. తగులుతుందా?"

"తగులుతంది."

"శీను ఫోన్లో నిమిషం పెడతాడు. మొదలు అన్నప్పటి నుంచి చాలు అనేదాకా నువ్వు చేతి దగ్గర లెక్కపెట్టు. నేను గుండె దగ్గర లెక్కపెడతాను. నోరు తెరవొద్దు, నా లెక్క పోద్ది."

ఆమె కూర్చుంది. ఒడిలో గుప్పెడు మిరపకాయలు వేసుకుంది. కుడిచేయి కోడలి మణికట్టు మీద. పది అయినప్పుడల్లా ఎడమచేత్తో ఒక కాయ తీసి చాప మీద పెడుతోంది. టిక్కీలు లెక్కపెట్టేదీ అలాగే.

"చాలు" అన్నాడు శ్రీను.

చాప మీద తొమ్మిది కాయలు. "తొంభై ఒకటి" అంది వెంకాయమ్మ. "ఇదేంది నర్సమ్మా, ఆగి ఆగి కొడతంది. ఒకటి గట్టిగా, ఒకటి పీలగా."

"నాకు నూట ఇరవై ఆరు."

"అంటే నాది తప్పంటావా?" ఆమె మొహం ఎర్రబడింది.

"కాదక్కా. నీదీ నిజమే. నాదీ నిజమే. గుండె నూట ఇరవై ఆరు సార్లు కొట్టింది. చేతిదాకా వచ్చింది తొంభై ఒకటే."

ఆమె చాప మీది కాయలను మళ్ళీ ఒకసారి లెక్క చూసుకుంది. చివరి పొలాల మనిషి. ఆమెకు నేను ఇంకేమీ చెప్పే పని లేకపోయింది.

"అంటే పైన వదిలారు, మా చేలోకి రాలా. అంతేనా?"

"అంతే."

"ముప్పై అయిదు మధ్యలో పోయినయ్యా? నిమిషానికా?"

"నిమిషానికి."

"ఒరేయ్ శీనా, గుడ్లప్పగించి చూస్తావేందిరా! ఫోన్ చెయ్. ప్లేయరు కూడా తే."

ప్లేయరు తెచ్చాక ఆమే కోడలి పాదం తన ఒళ్ళో పెట్టుకుంది. ఒక్కో మెట్టె విప్పింది. నాగమణి, "అత్తా, వద్దత్తా" అని ఏడుపు మొదలుపెట్టింది.

"నోర్ముయ్యవే. వాడు బాగానే ఉన్నాడు, ఎదురుగానే ఉన్నాడు. ఇయ్యి నా కొంగులో ఉంటయ్యి. నువ్వు నడుచుకుంటా ఇంటికొచ్చినాక నేనే తొడుగుతా."

కొంగు చివర ముడేసి బొడ్లో దోపుకుంది. బండి వచ్చేదాకా నేను నాగమణిని కూర్చోబెట్టే ఉంచాను. పడుకోబెడదామన్నవాళ్ళను పడుకోబెట్టనివ్వలేదు.

డాక్టరు గారి పెన్ను

పేటలో ఈసీజీ తీశారు. డాక్టరు గారు కుర్రవాడు, కాని మాట నెమ్మది. మందు ఎక్కించి, ఆక్సిజన్ పెట్టి, గుంటూరు పంపాలన్నారు. అక్కడి డాక్టరుకు ఫోన్ చేయబోతూ వెంకాయమ్మ తెచ్చిన గర్భిణి కార్డు తెరిచారు.

"ఇది మీరు రాసిందేనా సిస్టర్?"

"అవునండీ."

"మూడు నెలలూ ఎనభై. ఒక్కసారి కూడా తేడా లేదు. అంటే ఈ తాళం తప్పడం మొన్నమొన్నటిదే అన్నమాట. గుంటూరువాళ్ళు మొదట అడిగేది అదే. ఎన్నాళ్ళయింది అని."

ఆయన మాకు అర్థమయ్యేలా చెప్పారు. తాళం కొత్తగా తప్పితే కరెంటు షాకు లాంటిది ఇచ్చి వెంటనే దారిలో పెట్టొచ్చు. కాని చాలా రోజుల నుంచి తప్పి ఉంటే, గదిలో నిలవున్న రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అప్పుడు తొందరపడి దారిలో పెడితే ఆ గడ్డ కదిలి మెదడుకు పోతుంది.

"ఎనభై అని చెబుతాను మరి" అని ఆయన నంబరు నొక్కుతున్నారు.

ఒక పక్క వెంకాయమ్మ. ఇంకో పక్క మంచం మీద కూర్చున్న నాగమణి. ఆ ఊళ్ళల్లో ఇరవై ఏళ్ళు చేశాను. 'అవునండీ' అనే మాట నోటిదాకా వచ్చింది. తల తిప్పి కిటికీలోకి చూడాలనిపించింది. గ్రేసమ్మ గారయితే అదే చేసేది.

"నేను లెక్కపెట్టలేదండీ."

"ఏంటి?"

"ఆ ఎనభై. నేను లెక్కపెట్టలేదు. చేయి పట్టుకుని రాసేశాను."

"ఏ నెలది?"

"మూడూనండీ."

డాక్టరు గారు ఫోన్ కింద పెట్టారు. నన్ను తిట్టలేదు. జేబులోంచి పెన్ను తీసి, మూడు ఎనభైలనూ ఒక్కొక్క గీతతో కొట్టేశారు. పక్కన లెక్కపెట్టలేదని ఇంగ్లీషులో రాశారు. మూడుసార్లు రాశారు. నా ఉద్యోగంలో నేను చూసిన నిజమైన తనిఖీ అదే.

"వాపు ఎప్పటినుంచో తెలుసా? అదీ తెలీదా?"

"అయిదో నెల నుంచండీ. మెట్టెలు మూడుసార్లు వదులు చేశారు."

ఆయన అది రాసుకున్నారు. వెంకాయమ్మ నా వంక చూస్తోంది. నేను ఆమె వంక చూడలేకపోయాను. అప్పుడు మంచం మీద నుంచి నాగమణి గొంతు వినిపించింది.

"సార్, నేనూ... ఒకటి చెప్పాల."

అందరం అటు తిరిగాం.

"చిన్నప్పుడు నాకు కీళ్ళ జ్వరం వచ్చింది. ఒక మోకాలు తగ్గితే ఇంకో మోకాలు వాచేది. మూడు వారాలకొకసారి వినుకొండ తీసుకుపోయి ఇంజెక్షన్ చేయించేవాళ్ళు. గుండెకు మంచిదంట. పెళ్ళి చూపులప్పుడు మానేశాం. అత్తగారోళ్ళకు చెప్పొద్దంది మా అమ్మ."

చిన్నతనంలో గొంతునొప్పితో మొదలయ్యే ఆ కీళ్ళ జ్వరమే, లోలోపల గుండె వాల్వును బిగించేస్తుంది. ఆ ఇంజెక్షన్లు జ్వరం మళ్ళీ రాకుండా కాపాడతాయి. ఆ ఒక్క ముక్క నాలుగో నెలలో నాకు తెలిసి ఉంటే కథ వేరేగా ఉండేది. అయితే నేను అడిగానా? ఐరన్ గోలీల గురించి అడిగాను.

వెంకాయమ్మ ముందు కోడలిని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఇద్దరూ ఇద్దరే! ఒకత్తి లెక్కపెట్టలా, ఒకత్తి చెప్పలా. ఇంకేమన్నా ఉంటే ఇప్పుడే కక్కండి, బండి కదలకముందే."

డాక్టరు గారికి కూడా నవ్వొచ్చింది. ఆయన ఫోన్ తీసుకుని, "పాత కేసు. కనీసం రెండు నెలలు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం" అని గుంటూరుకు చెప్పారు.

గుంటూరులో స్కాను తీస్తే, పై గదిలో నిజంగానే గడ్డ ఉంది. గుండె పరుగు తగ్గడానికి మందులిచ్చారు. రక్తం పలచబడడానికి పొట్ట మీద ఇంజెక్షన్లు ఇచ్చారు. షాకు జోలికి పోలేదు. నాలుగు వారాల ముందే కాన్పయింది. చిన్న పిల్ల, చిన్న ఏడుపు, కాని ఇద్దరూ బతికారు. కొన్ని నెలల తర్వాత గడ్డ కరిగిందని చూసుకుని, తొడలోని రక్తనాళం గుండా సన్నటి గొట్టం పంపి, బుడగతో ఆ వాల్వు తెరిచారు. షట్టరు లేచింది.

నేను చెప్పకపోయినా ఎలాగూ స్కానులో బయటపడేదేమో. చాలాసార్లు అలా సర్దిచెప్పుకోబోయాను. కాని ఆ పూట, ఆ ఫోన్లో, ఆ పిల్ల తరఫున ఉన్న సాక్ష్యం నా కార్డు ఒక్కటే. అది అబద్ధం.

మీరు ఇంట్లో అడగాల్సినవి

ఆ తర్వాత నేను 'వాపులున్నాయా?' అని ఏ గర్భిణినీ అడగలేదు. అలా అడిగితే, పక్కనున్న అత్తగారు 'మామూలే' అంటుంది. "మెట్టెలు ఎన్నిసార్లు వదులు చేశారు?" అని అడిగాను. దానికి మా ఊళ్ళల్లో ఎవరూ అబద్ధం చెప్పరు, అది జబ్బు ప్రశ్న అనుకోరు గనుక. ఆయాసమా అని అడగలేదు. "ఎలా పడుకుంటున్నావు, దేనికి ఆనుకుంటున్నావు?" అని అడిగాను. కల్లం రోజుల్లో దగ్గుతుంటే, పడుకుని దగ్గుతున్నావా, కూర్చుని దగ్గుతున్నావా అని అడిగాను. చిన్నప్పుడు మోకాళ్ళు వాచాయా అని మాత్రం అత్తగారిని మంచినీళ్ళకు పంపి అడిగాను.

నాడి నిమిషం పూర్తిగా చూశాను. ఆ నిమిషంలో ఎవరైనా పలకరిస్తే పలకలేదు. పొగరనుకున్నవాళ్ళు అనుకున్నారు.

మీ చేతికి ఇప్పుడు వేలికి తగిలించే చిన్న మిషన్లు వచ్చాయి. అంకె దానంతటదే వస్తుంది. వాడండి. కాని దాని అంకె రాసుకున్నాక మీ వేళ్ళు కూడా ఒక నిమిషం పెట్టండి. తాళం తప్పినప్పుడు అదీ తడబడుతుంది. 'ఆగి ఆగి కొడతంది' అని అది నోరు తెరిచి చెప్పదు. వెంకాయమ్మ చెప్పింది.

ఇంకొకటి. తప్పు రాసినట్టు తెలిస్తే, మీరే కొట్టేయండి, పక్కన మీ చేత్తోనే రాయండి. జనం నమ్మరని నేను భయపడ్డాను. ఆ రోజు తర్వాత వెంకాయమ్మ ఇంటికి నేను మూడు వారాలకొకసారి వెళ్ళి, నాగమణికి ఆ ఇంజెక్షన్ చేశాను. రిటైరయ్యేదాకా చేశాను. ఒక్కసారి కూడా నన్ను గేటు దగ్గర ఆపలేదు. అయితే వెళ్ళిన ప్రతిసారీ, నేను నాడి చూస్తున్నంతసేపూ ఫోన్లో టైము పెట్టుకుని నా నెత్తిమీదే నిలబడేది.

మొన్న కోతల రోజుల్లో ఊరికే చూసి వద్దామని వెళ్ళాను. బస్టాపు నుంచి ఎండలో నడిచి వెళ్ళేసరికి రొప్పు వచ్చింది. కల్లంలో కాయలు తిరగేస్తున్న నాగమణి పార పక్కన పడేసి ఎదురొచ్చింది. కాళ్ళకు మెట్టెలు, కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. వెంకాయమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది, నోరు మాత్రం నెరవలేదు.

"ఏంది ఆ రొప్పుడు? కూసో. నీళ్ళు తాగు. చెయ్యి ఇటియ్యి."

"నాకేం కాలేదక్కా. ఎండకు."

"అది నువ్వు చెప్తే ఎట్టా? మణీ, ఫోన్లో నిమిషం పెట్టవే."

నా మణికట్టు పట్టుకుంది. వేళ్ళు సరిగ్గా పెట్టాల్సిన చోటే పెట్టింది. ఒడిలో నాలుగు కాయలు వేసుకోబోయి, మళ్ళీ ఇంకో గుప్పెడు వేసుకుంది. నేను ఏదో అనబోతే కళ్ళతోనే కసిరింది. నిమిషం పూర్తిగా, ముగ్గురం మాట లేకుండా కూర్చున్నాం. ఒక్కొక్క కాయా అరుగు మీదకు వస్తోంది.

"చాలత్తా" అంది నాగమణి.

అరుగు మీద ఏడు కాయలున్నాయి. వెంకాయమ్మ నా చేయి వదల్లేదు.

"డెబ్బై తొమ్మిది" అంది. తర్వాత ఓరకంట చూసింది. "ఎనభై అని రాయమంటావా, నర్సమ్మా?"

నాగమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వద్దక్కా" అన్నాను. "ఉన్నదే రాయి."